ఒకే ఆల్బమ్, ఎల్పీలో ఒకలా సీడీలో ఇంకోలా: తేడా ఎక్కడుంది?

#1 సాయంత్రరాగం

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒకే ఆల్బమ్ ఎల్పీగానూ (ముల్లుతో వాయించే నల్ల రికార్డు) సీడీగానూ ఉంది. ఆంప్లిఫయర్ ఒకటే, స్పీకర్లు అవే. ఎల్పీ పెడితే గొంతు నిండుగా, బేస్ మెత్తగా ఉంటోంది. సీడీలో అదే గొంతు చెవిలో గుచ్చుకుంటోంది, పావుగంట వినేసరికి అలసట వస్తోంది. అలాగని ఎల్పీయే బాగుందని తేల్చలేను. ప్రతి వైపూ మొదటి పాట హాయిగా ఉంటుంది, ఆఖరి పాటకొచ్చేసరికి ‘స’, ‘ష’ వచ్చిన చోటల్లా కాగితం చింపినట్టు వినిపిస్తుంది.

అమరిక ఇదీ: బెల్ట్ టర్న్‌టేబుల్, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను అయస్కాంతంతో కరెంటుగా మార్చే చిన్న పెట్టె), ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) ముల్లు. ముల్లు బరువు, అంటే ముల్లు గాడిని నొక్కే బరువు, 1.8 నుంచి 2.2 గ్రాముల మధ్య ఉండాలని కార్ట్రిడ్జ్ కాగితంలో ఉంది. రికార్డు అరగకూడదని 1.5 పెట్టాను. ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే పెట్టె) విడిగా ఉంది.

ఈ తేడా ఎల్పీ, సీడీ అనే పద్ధతుల్లోనే ఉందా? ఆ ‘స’ చిరుగు పోయే దారి ఉందా?

#2 గాడి33

ముందు ఆ 1.5ని మార్చండి, ఇంకో రికార్డు పెట్టకముందే. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి జరిగేది రివర్సు. బరువు చాలకపోతే బిగ్గరగా ఉన్న చోట ముల్లు గాడి గోడను వదిలేసి, మళ్లీ వచ్చి గోడకు గుద్దుకుంటుంది. వజ్రపు మొన ప్లాస్టిక్‌ను ఉలిలా చెక్కుతుంది. ఆ గాయం ఇక మానదు. ఇచ్చిన పరిధిలో మధ్యన గానీ, కాస్త పైన గానీ ఉండాలి. మీకు 2.0 సరిపోతుంది.

ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే పొడవాటి చెయ్యి) వెనక ఉండే బరువు మీది అంకెల్ని నమ్మకండి. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగకుండా ఎదురు లాగే ఏర్పాటు) సున్నాకు తిప్పి, ముల్లు తొడుగు తీసి, ఆర్మ్ గాల్లో అడ్డంగా తేలేవరకు వెనక బరువును తిప్పండి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, అప్పుడు 2.0కు తిప్పండి. తర్వాత 0.01 గ్రాము చూపే ముల్లు తూకంతో సరిచూడండి. తూకం పళ్లెం రికార్డు ఉండే ఎత్తులోనే ఉండాలి, ఎత్తుగా ఉంటే లెక్క తప్పుతుంది. తూకంలో ఇనుము ఉండకూడదు, కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం వల్ల లెక్క తప్పవచ్చు.

యాంటీ స్కేటింగ్ కూడా 2.0తో మొదలుపెట్టండి. ఆర్మ్ సహజంగా లోపలికి లాగుతుంది కాబట్టి ముల్లు లోపలి గోడను, అంటే ఎడమ చానల్‌ను ఎక్కువ నొక్కుతుంది, కుడి గోడ మీద పట్టు సడలుతుంది. బిగ్గర భాగాల్లో చిరుగు ముందు కుడి స్పీకర్లో వస్తే యాంటీ స్కేటింగ్ పెంచండి, ఎడమలో వస్తే తగ్గించండి. గాడి లేని నున్నటి డిస్క్ మీద ముల్లు పెట్టి చూసే పద్ధతిని పక్కన పెట్టేయండి. అక్కడ మొన అడుగు ఆనుతుంది గానీ పక్కలు ఆనవు, ఒరిపిడి వేరు.

#3 ముల్లుమొన

గాడి33 గారు చెప్పింది మొదటి పని. రెండోది, చివరి పాటల్లోనే ఎందుకు చిరుగుతోందన్నది. డిస్క్ తిరిగే వేగం మొదటి నుంచి చివరిదాకా నిమిషానికి 33⅓ చుట్లే, కానీ ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం మారిపోతుంది. అంచు దగ్గర, కేంద్రం నుంచి 146 మి.మీ. దూరంలో, గాడి సెకనుకు 51 సెం.మీ. కదులుతుంది. లేబుల్ దగ్గర 60 మి.మీ. వద్ద 21 సెం.మీ. మాత్రమే.

‘స’ శక్తి ఎక్కువగా 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. 10 కిలోహెర్ట్జ్ అల ఒకటి అంచున 51 మైక్రాన్ల పొడవు పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు. అంత లావు మొన అంత సన్నటి వంపులో ఎలా దూరుతుంది? ఎలిప్టికల్ మొనకు పక్క వ్యాసార్ధం 7, 8 మైక్రాన్లుంటుంది కాబట్టి కాస్త నయం. షిబాటా, మైక్రోలైన్ లాంటి లైన్ కాంటాక్ట్ మొనలు ఇంకా సన్నం, అందుకే అవి లోపలి గాళ్లలో తేలిగ్గా గట్టెక్కుతాయి. కొన్ని కార్ట్రిడ్జ్‌లకు పాత ముల్లు పీకి సన్న మొన ముల్లు అమర్చుకోవచ్చు, ఆడియో టెక్నికా వీఎం95 వరసకు అలా కుదురుతుంది.

కానీ కొత్త ముల్లుకు ముందు అలైన్‌మెంట్ (గాడికి కార్ట్రిడ్జ్ కూర్చునే కోణం) చూడండి. కార్ట్రిడ్జ్ కోణం ఒకే డిగ్రీ తప్పినా, అంచున పట్టించుకోని చెవి లోపల పట్టేస్తుంది. వ్యాసార్ధం తగ్గేకొద్దీ అదే తప్పు రెండింతలకు పైగా పెరుగుతుంది.

#4 సాయంత్రరాగం

బరువు మార్చాను, తూకంలో 2.01 చూపిస్తోంది. అలైన్‌మెంట్ ఎప్పుడూ చూడలేదు. ప్రొట్రాక్టర్లలో (ఆ కోణం సరిచూసే గీతల కాగితాల్లో) బేర్వాల్డ్, స్టీవెన్సన్ అని రెండు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది వాడాలి? చేసే పద్ధతి వరసగా చెబుతారా?

#5 ముల్లుమొన

ఆర్మ్ అర్ధచంద్రాకారంలో కదులుతుంది గనక గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రెండే చోట్ల. బేర్వాల్డ్‌లో ఆ బిందువులు కేంద్రం నుంచి 66.0, 120.9 మి.మీ. దగ్గర ఉంటాయి. తప్పును డిస్క్ అంతా సమానంగా పంచుతుంది. స్టీవెన్సన్‌లో 60.3, 117.4. లేబుల్ అంచున తప్పు దాదాపు సున్నా, బదులుగా మధ్యలో కాస్త పెరుగుతుంది. లేబుల్ దాకా సాగే రికార్డులు ఎక్కువగా ఉన్నవాళ్లకు స్టీవెన్సన్, మిగతావాళ్లకు బేర్వాల్డ్. మీరు బేర్వాల్డ్‌తో మొదలుపెట్టండి.

ప్రొట్రాక్టర్‌ను ప్రింటు తీస్తే, అందులోని గీతను స్కేలుతో కొలవండి. 100 మి.మీ. గీత 98 వచ్చిందంటే ప్రింటరు పేజీని కుదించింది, ఆ కాగితం పనికిరాదు. కాగితాన్ని స్పిండిల్‌కు (మధ్య కడ్డీకి) తొడిగి, ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) కదలకుండా ఆపి, యాంటీ స్కేటింగ్ సున్నా చేయండి. హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ కూర్చునే భాగం) స్క్రూలు కార్ట్రిడ్జ్ జరిగేంత మాత్రం వదులు చేయండి. ముల్లును లోపలి బిందువు మీద దించి, ఎదురుగా నిలబడి, ఒంటికన్నుతో కాంటిలీవర్ (మొనను పట్టి ఉంచే సన్నటి కడ్డీ) గీతలకు సమాంతరంగా ఉందో లేదో చూడండి. కార్ట్రిడ్జ్ పెట్టెను చూసి కొలవకండి. కాంటిలీవర్ పెట్టెలో కాస్త వంకరగా కూర్చోవడం మామూలే, గాడిలో నడిచేది కాంటిలీవరే. లోపల సరిచేశాక బయటి బిందువు చూడండి. అక్కడ తేడా ఉంటే కార్ట్రిడ్జ్‌ను ముందుకో వెనక్కో అర మిల్లీమీటరు జరిపి మళ్లీ లోపలికి రండి. మధ్యలో ఏ తిప్పుడూ లేకుండా రెండు చోట్లా సమాంతరం వచ్చేదాకా ఇదే పని. అరగంట పడుతుంది, తొందరపడకండి.

స్క్రూలు ఒకటొకటిగా, కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించండి. ఒకదాన్నే ఒక్కసారి బిగిస్తే కార్ట్రిడ్జ్ తిరిగిపోతుంది. ఆఖర్న ముల్లు బరువు మళ్లీ తూచండి: కార్ట్రిడ్జ్ ముందుకు జరిగితే బరువు పెరుగుతుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. ఈ చివరి మెట్టు మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

#6 నల్లపళ్లెం

దీనితోపాటు ఆర్మ్ ఎత్తు కూడా. ప్రతి రికార్డు మందానికీ ఆర్మ్ ఎత్తు మార్చాలి, లేకపోతే ట్రెబుల్ మారిపోతుంది.

#7 ముల్లుమొన

ఆర్మ్ ఎత్తు ఒకసారి సరిచూసుకోవాలన్నది నిజం, రికార్డు రికార్డుకూ అక్కర్లేదు. లెక్క చూడండి: ఆర్మ్ పొడవు సుమారు 230 మి.మీ. అనుకుందాం. రికార్డు మందం 1 మి.మీ. పెరిగితే కోణం మారేది పావు డిగ్రీ. మామూలు డిస్క్‌కూ 180 గ్రాముల డిస్క్‌కూ మధ్య తేడా ఆ పావు డిగ్రీ దాటదు. మధ్యరకం మందమున్న రికార్డు మీద ముల్లు దించినప్పుడు ఆర్మ్ అడ్డంగా ఉంటే చాలు. ఆర్మ్ వెనక భాగం స్పష్టంగా పైకి లేచి ఉంటే మాత్రం దించాలి.

#8 హెడ్‌షెల్

ఇంకో రెండు చోట్ల చూడండి, ఎవరూ చూడనివి.

ఒకటి తీగల రంగులు. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. ఏదో ఒక చానల్లో ప్లస్ మైనస్ తారుమారైతే శబ్దం ఆగదు, అందుకే పట్టుబడదు. గొంతు మధ్యలో నిలవక గది అంతా పరుచుకుంటుంది, బేస్ పలచబడుతుంది. ఆంప్లిఫయర్‌కు మోనో బటన్ ఉంటే నొక్కండి. నొక్కగానే గొంతు మాయమైతే తీగలు తిరగబడ్డాయి.

రెండోది కెపాసిటెన్స్, అంటే తీగలు కాస్త విద్యుత్తును నిలవ ఉంచుకునే గుణం. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లోని కాయిల్, కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి ఒక రెసొనెన్స్ ఏర్పరుస్తుంది, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం శిఖరంలా ఉబ్బుతుంది. 450 మిల్లీహెన్రీల కాయిల్‌కు మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్లయితే ఆ శిఖరం 16.8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 400 అయితే 11.9కి దిగుతుంది, అప్పుడు ‘స’లకు పైన పదును వచ్చి, ఆపైన అంతా పడిపోతుంది. ఆర్మ్ లోపలి తీగ, కేబుల్, ప్రీయాంప్ లోపలి కెపాసిటర్, మూడూ కూడాలి. కార్ట్రిడ్జ్ కాగితంలో ఎంత అడిగితే అంతలో ఉంచండి. చాలా ప్రీయాంప్‌లలో అడుగున చిన్న స్విచ్‌లుంటాయి, అవి ఏ స్థానంలో ఉన్నాయో చూడండి. కేబుల్ పొడవు తగ్గిస్తే అన్నిటికంటే సులువుగా తగ్గుతుంది.

గుయ్యిమనే హమ్ లేదు కదా? ఉంటే గ్రౌండ్ తీగ ప్రీయాంప్‌కు బిగించి ఉందో లేదో ముందు చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ పెట్టె పక్కనా టర్న్‌టేబుల్ పెట్టకండి.

#9 శూన్యడెసిబెల్

ఎల్పీ సంగతి మంచి చేతుల్లో పడింది. నేను సీడీ వైపు వస్తాను.

సాయంత్రరాగం గారూ, ఆ సీడీ ఏ ముద్రణ? అదే ఆల్బమ్ తొలి సీడీ వేరు, ఆ తర్వాత ‘రీమాస్టర్’ అని వచ్చింది వేరు. 1990ల మధ్య నుంచి చాలా సీడీలను పోటీలు పడి బిగ్గరగా చేశారు. శిఖరాల్ని నొక్కి, మొత్తం శబ్దాన్ని పైకి ఎత్తారు. ఫైలుగా తీసి ఆడాసిటీలో (శబ్దపు అలల్ని బొమ్మగా చూపే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవండి. అలలు పైనా కిందా కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే మీ చెవి అలసట అక్కడిది. తప్పు సీడీ పద్ధతిది కాదు, మాస్టరింగ్ (ముద్రణకు ముందు శబ్దానికి చేసే ఆఖరి దిద్దుబాటు) చేసినవాళ్లది.

1980ల తొలి సీడీల్లో ఇంకో చిక్కు ఉంది. కొన్నింటిని ప్రీ ఎంఫసిస్‌తో రికార్డు చేశారు: ట్రెబుల్ పెంచి రాసి, ప్లేయరే తిరిగి తగ్గించేలా. సీడీ ప్లేయర్‌లో పెడితే సమస్య లేదు, డిస్క్‌లోని గుర్తు చూసి అదే తగ్గించుకుంటుంది. కంప్యూటర్‌లో ఫైలుగా తీస్తే ఆ గుర్తు తరచూ పోతుంది, అప్పుడు ట్రెబుల్ పై అంచు 10 డెసిబెల్‌కు దగ్గరగా పెరిగి వినిపిస్తుంది. 50/15 మైక్రోసెకండ్ల డీ ఎంఫసిస్ ఫిల్టర్ వేస్తే మామూలవుతుంది.

#10 నల్లపళ్లెం

మాస్టరింగ్ మాట సరే. కానీ మూలంలోనే తేడా ఉంది కదా. గాడిలో తరంగం తెగకుండా ఉంటుంది. సీడీలో సెకనుకు 44,100 ముక్కలు. ముక్కల మధ్యలో ఉన్నది పోయినట్టే. చెవికి ఆ మెట్లు తెలియకపోవచ్చు, అలసట మాత్రం తెలుస్తుంది.

#11 శూన్యడెసిబెల్

మెట్లు బయటికి రావండీ. శాంపిళ్లను, అంటే మీరన్న ఆ 44,100 కొలతలను, చూపించడానికి గీసే బొమ్మల్లోనే ఆ మెట్లు. ప్లేయర్ చివర ఉండే ఫిల్టర్ 22.05 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని తీసేస్తుంది, తీశాక మిగిలే తరంగం నున్నగా ఉంటుంది. ఆ శాంపిళ్లన్నిటి గుండా వెళ్లగల తరంగం 22.05కు లోపల ఒకే ఒక్కటి ఉంటుంది, మధ్యలో పోయేది ఏమీ లేదు. ఆసిలోస్కోప్ (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) పెట్టి 10 కిలోహెర్ట్జ్ టోన్ చూడండి, నున్నటి సైన్ తరంగం కనిపిస్తుంది.

మొదటి ప్లేయర్లలో లోపాలు లేకపోలేదు. 1982 అక్టోబర్‌లో వచ్చిన సోనీ సీడీపీ 101 ఒకే కన్వర్టర్‌ను రెండు చానళ్లకు వంతులవారీగా వాడింది, దాంతో చానళ్ల మధ్య 11 మైక్రోసెకండ్ల తేడా ఉండేది. ఫిలిప్స్ తొలి ప్లేయర్లు 14 బిట్ కన్వర్టర్‌కు నాలుగింతల ఓవర్‌శాంప్లింగ్ జోడించి నెగ్గుకొచ్చాయి. అప్పటి ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవే. ఇప్పటి సాదా ప్లేయర్‌కు ఆ ఇబ్బంది లేదు.

అంకెలు: సీడీ డైనమిక్ రేంజ్ (అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఎడం) సుమారు 96 డెసిబెల్, మంచి ఎల్పీకి 60, 70. చానళ్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయే తీరు కార్ట్రిడ్జ్‌లో 20 నుంచి 30 డెసిబెల్, సీడీలో 90 పైన.

#12 నల్లపళ్లెం

ఆసిలోస్కోప్ ఉదాహరణ ఒప్పుకుంటాను. మరి ఇన్ని అంకెల్లో వెనకబడ్డ ఎల్పీ అంత హాయిగా ఎందుకుంటుంది? అది భ్రమ అంటే మాత్రం ఒప్పుకోను.

#13 లాకర్‌గాడి

భ్రమ కాదు, కారణాలున్నాయి. డిస్క్ మీద గాడి ఎలా కోస్తారో తెలిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

స్టీరియో గాడిలో రెండు గోడలూ 45 డిగ్రీల వాలు. రెండు చానళ్లలోనూ ఒకేలా ఉన్న శబ్దం ముల్లును పక్కలకు కదుపుతుంది, ఎదురెదురు ఫేజ్‌లో (ఒక చానల్లో అల లేచినప్పుడు రెండోదాంట్లో పడేలా) ఉన్నది పైకీ కిందకీ కదుపుతుంది. బేస్ అలా ఎదురు ఫేజ్‌లో వస్తే గాడి ఒకచోట మరీ లోతై, ఇంకోచోట దాదాపు మాయమవుతుంది. ముల్లు ఎగిరిపోతుంది. అందుకని కోసేవాళ్లు బేస్‌ను మధ్యకు, అంటే మోనోగా లాగుతారు. బేస్ అంత దిట్టంగా నిలబడటానికి ఇదో కారణం. ట్రెబుల్‌లో ఉండే ‘స’లు కోత తల (గాడి కోసే పనిముట్టు) కాయిల్‌ను వేడెక్కించేస్తాయి గనక డీ ఎస్సర్‌తో (‘స’లను తగ్గించే పరికరం) వాటిని ముందే మెత్తబరుస్తారు. సీడీలో నొక్కి చదును చేసిన మాస్టర్‌ను అంతే బిగ్గరగా కోయడం కుదరదు, కోసినా ముల్లు పట్టుకోలేదు. అలా ఎల్పీకి తరచూ వేరే మాస్టర్, తక్కువ నొక్కుడు ఉన్నది దొరుకుతుంది. మీరు వింటున్న హాయి చాలావరకు ఈ నిర్ణయాల ఫలితం.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. బేస్ ఎక్కువైతే గాళ్లు ఎడంగా ఉండాలి, చోటు తగ్గుతుంది. 12 అంగుళాల 33⅓ డిస్క్ ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలు సుఖంగా ఉంటుంది. 28, 30 నిమిషాలు కుక్కితే శబ్దం స్థాయి తగ్గించి కోయాలి, చిటపటలు పైకి తేలతాయి. అందుకే బేస్ తగ్గించి కోసి, ట్రెబుల్ పెంచి కోసి, వినేటప్పుడు తిరగేసే పద్ధతి వచ్చింది. ఆర్‌ఐఏఏ వంపు అదే: 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే ప్లేబ్యాక్‌లో 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్ పెంపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్ తగ్గింపు.

ఇంకో సంగతి, నల్లపళ్లెం గారికి నచ్చకపోవచ్చు. కోత యంత్రానికి రాబోయే శబ్దం ఒక చుట్టు ముందే తెలియాలి, గాళ్ల ఎడం సరిచేసుకోవడానికి. ఒకప్పుడు టేపు యంత్రానికి అదనపు తల పెట్టి ఆ పని చేసేవారు. 1970ల చివర నుంచి చాలాచోట్ల డిజిటల్ డిలే పెట్టారు. అంటే గాడిలోకి వెళ్లే శబ్దమే డిజిటల్ పెట్టె గుండా వెళ్లింది. ఆ కాలం ఎల్పీల్లో ‘తెగని తరంగం’ అని మనం మెచ్చుకునే వాటిలో ఇలాంటివీ ఉన్నాయి.

డిస్క్ బరువు గురించి ఒక మాట. 180 గ్రాములు అనే అంకె శబ్దం నాణ్యతకు హామీ కాదు. మందపు డిస్క్ తొందరగా వంకరపోదు, అంతవరకే. కోత, ప్లేటింగ్, ప్రెస్సింగ్ బాగుంటే 130 గ్రాముల డిస్కూ గొప్పగా పలుకుతుంది.

#14 సాయంత్రరాగం

చాలా స్పష్టత వచ్చింది. మరి రెండింటినీ న్యాయంగా పోల్చడం ఎలా? సీడీ పెట్టగానే గది నిండిపోతోంది, ఎల్పీకి వాల్యూమ్ పెంచాల్సి వస్తోంది.

#15 శూన్యడెసిబెల్

ఆ వాల్యూమ్ తేడా ఉన్నంతకాలం ఏ పోలికా చెల్లదు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. 5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌ను 40 డెసిబెల్ పెంచే ప్రీయాంప్ అర వోల్టు ఇస్తుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని ‘బిగ్గర’ అనదు, ‘స్పష్టం’ అనో ‘నిండుదనం’ అనో అంటుంది.

అసలు ప్రశ్నకు జవాబిచ్చే పరీక్ష వేరే ఉంది. ఎల్పీని సీడీతో పోల్చకండి, ఎల్పీని దాని సొంత నకలుతో పోల్చండి. ప్రీయాంప్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌కు కలపండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, శిఖరాలు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా ఒక వైపు మొత్తం రికార్డు చేయండి. అందులో 30 సెకండ్ల భాగం తీసి, డితర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నటి రొద) వేసి 16 బిట్, 44.1కు మార్చి ఇంకో ఫైలుగా దాచండి. రెండింటినీ ఫూబార్ 2000 అనే ప్లేయర్ ప్రోగ్రాంలో ఏబీఎక్స్ పరికరంతో (ఏది వినిపిస్తోందో చెప్పకుండా పరీక్షించేది) 16 సార్లు గుడ్డిగా గుర్తుపట్టండి. 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే చెవికి తేడా తెలుస్తున్నట్టు. 8, 9 అంటే నాణెం ఎగరేసినట్టే.

గుర్తుపట్టలేకపోతే ఎల్పీలోని ఆ మెత్తదనం మొత్తం సీడీ కొలతల్లో ఇమిడిపోయినట్టు. సీడీలో ఉన్నదంతా గాడిలో ఇమడదు, గాడిలో చెవికి వినిపించేది సీడీలో ఇముడుతుంది. నేను ఈ ఒక్క విషయం కోసమే ఇంత వాదిస్తాను.

ఒరిజినల్ సీడీతో పోల్చాలన్నా ఈ ఫైలే వాడండి, వాల్యూమ్ 0.1 డెసిబెల్ లోపు సరిచేసి. వేగం కూడా చూసుకోండి, శ్రుతి తేడా ఉంటే ఏది ఎల్పీయో ఇట్టే తెలిసిపోతుంది.

#16 గాడి33

వేగానికి: స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిచూసే గీతల పళ్లెం) మీద 50 హెర్ట్జ్ కరెంటుకు 180 గీతలు, 60 హెర్ట్జ్‌కు 216 గీతలున్న వలయం చూడండి. గీతలు నిలబడితే 33⅓ సరి. ఎల్‌ఈడీ బల్బు కింద చూస్తే చాలాసార్లు ఏమీ తెలియదు, వాటిలో చాలావి కరెంటుతో పాటు మిణుకవు. 3150 హెర్ట్జ్ టెస్ట్ రికార్డు ఉంటే ఫోన్‌లోని ఫ్రీక్వెన్సీ మీటరే చాలు. 1 శాతం తప్పు అంటే 31.5 హెర్ట్జ్, అర్ధస్వరంలో ఆరో వంతు. పాత బెల్టు సాగితే వేగం తగ్గుతుంది. కొత్తది వేసే ముందు మోటార్ పుల్లీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

శ్రుతి నెమ్మదిగా ఊగుతూ ఉంటే మాత్రం టర్న్‌టేబుల్‌ను అనకండి. రికార్డు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడినా లోపలి గాళ్ల దగ్గర శ్రుతి 0.8 శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఆర్మ్ పక్కలకు ఊగడం కంటికే కనిపిస్తుంది.

#17 తుడుపుగుడ్డ

ఇంతసేపూ ఎవరూ కడగడం గురించి అడగలేదు! రికార్డు చేసే ముందు డిస్క్ కడగాలి. గాడిలో దుమ్ము ఉండగా వాయిస్తే ముల్లు దాన్ని గోడలోకి దింపుతుంది.

లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 100 నుంచి 150 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు గాడిలోకి పాకేలా చేసే ద్రవం) 3, 4 చుక్కలు. నురగ వచ్చేంత వేయకండి, అది ఎండి గాడిలో పొరగా మిగులుతుంది. కుళాయి నీళ్లు వద్దు, ఎండాక ఉప్పు పొడి గాళ్లలోనే ఉండిపోతుంది. లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి, అంటే చుట్టూ, అద్దుతూ తిప్పండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి కడిగి నిలువుగా ఆరబెట్టండి. ఈ రెండో కడుగుడు మానేసినవాళ్లే ‘కడిగాక చిటపటలు పెరిగాయి’ అంటారు.

జాగ్రత్త: 78 వేగపు పాత రికార్డులు చాలావరకు షెల్లాక్. ఆల్కహాల్ షెల్లాక్‌ను కరిగిస్తుంది. వాటికి నీళ్లూ, వెట్టింగ్ ఏజెంటూ మాత్రమే. వాటికి ముల్లు కూడా వేరే, సుమారు 75 మైక్రాన్లది. ఎల్పీ ముల్లు ఆ గాడి అడుగున దొర్లుతుంది.

సీడీని మాత్రం చుట్టూ తుడవకండి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. ట్రాక్ వెంబడి పొడవుగా పడ్డ గీతను ఎర్రర్ కరెక్షన్ (పోయిన సమాచారాన్ని ప్లేయర్ పూరించుకునే ఏర్పాటు) సరిచేయలేదు, అడ్డంగా పడ్డదాన్ని దాటేస్తుంది. ట్రాక్ పొడవునా సుమారు 2.5 మి.మీ. వరకు పోయినా అది పూరించగలదు. లేబుల్ వైపు గీతలకు ఎక్కువ భయపడండి. అల్యూమినియం పొర అక్కడ పలచటి లక్క కిందే ఉంటుంది, అది పోతే సమాచారమే పోతుంది.

#18 సాయంత్రరాగం

చెప్పినవన్నీ చేశాను. కార్ట్రిడ్జ్ 2 మి.మీ. వెనక్కి జరపాల్సి వచ్చింది. ప్రీయాంప్ కెపాసిటెన్స్ స్విచ్ 330 పికోఫారడ్ల దగ్గర ఉంది, 100కి తెచ్చాను. ఆఖరి పాటల్లో ‘స’లు ఇప్పుడు దాదాపు శుభ్రం. సీడీ రీమాస్టరే, ఆడాసిటీలో అలలు చదునుగా ఉన్నాయి. ఎల్పీ నకలు పరీక్షలో 16కు 9 వచ్చాయి.

ఒక్క డిస్క్ మాత్రం మారలేదు. రెండో వైపు ఆఖరి పాటలో ‘స’ అలాగే చిరుగుతోంది. అమరికలో ఇంకా ఏదైనా మిగిలిందా?

#19 ముల్లుమొన

మిగతా డిస్కులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి అమరికను ఇక కదపకండి. ఆ ఒక్క డిస్క్ గాడి దెబ్బతిన్నట్టుంది. తక్కువ బరువుతోనో, అరిగిన ముల్లుతోనో ఎక్కువసార్లు వాయించి ఉంటారు. ఒక అవకాశం మిగిలి ఉంది. అరుగుదల గోడ మొత్తం మీద ఉండదు, పాత మొన ఆనిన ఎత్తులోనే ఉంటుంది. మైక్రోలైన్ లేదా షిబాటా మొన గోడకు నిలువునా ఎక్కువ మేర ఆనుతుంది, చెక్కుచెదరని చోటు తగిలితే చిరుగు తగ్గుతుంది. మీ కార్ట్రిడ్జ్‌కు అలాంటి ముల్లు దొరికితే ముందు ఆ డిస్క్ మీదే చూడండి. రెండు మొనలతోనూ అదే అక్షరం దగ్గర అదే చిరుగు వస్తే గోడ పూర్తిగా పోయినట్టు. ఆ పాటకు ఇంకో కాపీ వెతకడమే.

#20 తుడుపుగుడ్డ

ఆ ఇంకో కాపీ దొరికితే దాన్ని పీవీసీ కవర్లో మాత్రం దాచకండి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం డిస్క్ మీదికి దిగి మబ్బు పట్టినట్టు మచ్చ చేస్తుంది, కడిగినా పోదు. లోపల పాలిథిన్ తొడుగు, బయట పాలిప్రొపిలీన్ కవరు, అరలో నిలువుగా.